అణువు ఆకారాన్ని లెక్కతో పట్టుకోవడం: ఎలక్ట్రాన్ జంటల వికర్షణ పద్ధతి మెట్టు మెట్టుగా

కార్బన్ డయాక్సైడ్‌లో మధ్యన ఒక కార్బన్, దానికి అటొకటి ఇటొకటి ఆక్సిజన్లు. నీటిలో మధ్యన ఒక ఆక్సిజన్, దానికి రెండు హైడ్రోజన్లు. ఫార్ములా చూస్తే రెండింటిదీ ఒకే పోకడ: నడుమ ఒకటి, పక్కన రెండు. కానీ మొదటి అణువు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది, రెండోది మడిచిన మోచేయిలా వంగి ఉంటుంది. ఆ వంపే లేకపోతే నీటి అణువుకు ద్విధ్రువ భ్రామకం, అంటే ఒక వైపు ధనావేశం, మరో వైపు రుణావేశం పోగుపడే గుణం, సున్నా అయ్యేది. ఉప్పును ఇంత సులువుగా కరిగించుకునే ద్రవం మన బిందెల్లో ఉండేది కాదు.

ఒకటి ఎందుకు వంగింది, మరొకటి ఎందుకు వంగలేదు? ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో రసాయన బంధం పాఠానికి వచ్చేసరికి చాలామంది విద్యార్థులు ఈ ప్రశ్నను పక్కన పెట్టి, పాఠ్యపుస్తకంలోని పట్టికను కంఠతా పట్టేస్తారు. అమ్మోనియా అంటే పిరమిడ్, నీరు అంటే కోణీయం, జినాన్ టెట్రాఫ్లోరైడ్ అంటే చతురస్రం. పరీక్షలో పట్టికలో లేని అణువు ఒక్కటి ఎదురైతే చెయ్యి ఆగిపోతుంది. ఆ పట్టికను గుర్తుపెట్టుకోవలసిన పని నిజంగా లేదు. చిన్న కూడిక, ఒక భాగహారం, ఆపైన చోటు కోసం జరిగే తోపులాటను ఊహించగలగడం వస్తే చాలు, పట్టికంతా మీరే రాసుకోవచ్చు. ఆ పద్ధతిని ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తాను. పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకోండి. వీలైతే నాలుగు బెలూన్లు కూడా.

అసలు ఆలోచన

1940లో ఇంగ్లండుకు చెందిన సిడ్జ్‌విక్, పావెల్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఒక విషయం గమనించి చెప్పారు. మధ్య పరమాణువు చుట్టూ బయటి కర్పరంలో ఎన్ని ఎలక్ట్రాన్ జంటలున్నాయన్న దాన్ని బట్టే అణువు ఆకారం నిర్ణయమవుతోందన్నారు. బంధంలో ఉన్న జంటలతో పాటు బంధంలో లేని జంటలనూ లెక్కలోకి తీసుకోవడమే అందులోని కీలకం. 1957లో రొనాల్డ్ గిలెస్పీ, రొనాల్డ్ నైహోమ్ ఈ ఆలోచనకు నియమాలు జోడించి, ఎవరైనా వాడుకోగలిగే పద్ధతిగా మలిచారు. దాని పూర్తి పేరు వేలన్సీ కర్పర ఎలక్ట్రాన్ జంటల వికర్షణ సిద్ధాంతం. ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలను (VSEPR) కలిపి తరగతి గదుల్లో వెస్పర్ అంటారు.

ఒకే పరమాణువును అంటిపెట్టుకున్న ఎలక్ట్రాన్ జంటలు ఒకదానికొకటి వీలైనంత దూరంగా జరుగుతాయి. సిద్ధాంతమంతా ఈ ఒక్క వాక్యమే. ఈ వికర్షణను కేవలం రుణావేశాల మధ్య తోపుడుగా అనుకోవడం పరిపాటి. అది సగం నిజమే. ఒకే స్పిన్ ఉన్న రెండు ఎలక్ట్రాన్లు ఒకే చోటును పంచుకోలేవన్న పౌలీ వర్జన నియమమే జంటలను ఎక్కువగా విడదీస్తుందని గిలెస్పీ తర్వాతి కాలంలో నొక్కి చెప్పారు. అందుకే జంటను ఒక బిందువుగా కాక, కొంత చోటు ఆక్రమించే మేఘంగా ఊహించుకోవాలి. మున్ముందు ఈ ఊహే మనకు పనికొస్తుంది.

ఇక్కడ బెలూన్లు తీయండి. ఒకే సైజుకు ఊదిన రెండింటిని మూతుల దగ్గర కలిపి ముడి వేయండి. రెండూ ఎదురెదురుగా తిన్నగా నిలుస్తాయి. మూడో దాన్ని కట్టండి. మూడూ ఒకే తలంలో, త్రిభుజం మూలల వైపు చూస్తాయి. ఇప్పుడు నాలుగోది కట్టి, మొత్తాన్ని బల్ల మీద పెట్టి, నాలుగూ చదునుగా కూడిక గుర్తులా పరుచుకునేలా అరచేతులతో అదిమి పట్టుకోండి. చేతులు తీసిన మరుక్షణం కట్ట మెలిక తిరుగుతుంది. మూడు బెలూన్లు కాళ్లలా బల్లకు ఆనుకుంటాయి, నాలుగోది పైకి లేచి నిలుస్తుంది. ఎలా తిప్పి పెట్టినా అదే రూపం. మీథేన్ ఆకారం మీ బల్ల మీద ఉంది. దాన్ని అలా నిలబెట్టింది మీరు కాదు, చోటు కోసం జరిగిన తోపులాట.

మొదటి మెట్టు: గుంపులు లెక్కపెట్టడం

ముందు మధ్య పరమాణువును గుర్తించాలి. సాధారణంగా సంఖ్యలో ఒక్కటే ఉన్నదీ, రుణవిద్యుదాత్మకత (బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే శక్తి) తక్కువగా ఉన్నదీ మధ్యలో కూర్చుంటుంది. హైడ్రోజన్ ఎప్పుడూ అంచునే ఉంటుంది.

తర్వాత మధ్య పరమాణువు చుట్టూ ఎన్ని ఎలక్ట్రాన్ గుంపులున్నాయో లెక్కించాలి. జంట అనకుండా గుంపు అనడానికి కారణముంది. ద్విబంధంలో రెండు జంటలు, త్రిబంధంలో మూడు జంటలు ఉన్నా, అవన్నీ ఒకే దిక్కుకు వెళతాయి. దిక్కులే ఆకారాన్ని నిర్ణయిస్తాయి కాబట్టి ద్విబంధమైనా త్రిబంధమైనా ఒక్క గుంపు కిందే లెక్క. మధ్య పరమాణువు మీద బంధంలో లేకుండా ఉండిపోయిన జంటను ఒంటరి జంట అంటాం. అది కూడా ఒక గుంపే.

లూయిస్ నిర్మాణం (ఎలక్ట్రాన్లను చుక్కలుగా, బంధాలను గీతలుగా చూపే బొమ్మ) గీయడం వస్తే గుంపులను కళ్లతోనే లెక్కపెట్టవచ్చు. గీయకుండా తేల్చే దారి కూడా ఉంది. మధ్య పరమాణువు బయటి కర్పరంలోని ఎలక్ట్రాన్లను తీసుకోండి. అంచున ఉన్న ప్రతి హైడ్రోజన్‌కు, ప్రతి హాలోజన్‌కు (ఫ్లోరిన్, క్లోరిన్ వంటివి) 1 కలపండి. అంచున ఉన్న ఆక్సిజన్‌కు, సల్ఫర్‌కు 0. అంచున నైట్రోజన్ ఉంటే 1 తీసేయండి. అయాన్ మీద ఎన్ని రుణావేశాలుంటే అన్ని కలపండి, ఎన్ని ధనావేశాలుంటే అన్ని తీసేయండి. వచ్చిన దాన్ని 2తో భాగిస్తే గుంపుల సంఖ్య.

ఆక్సిజన్‌కు సున్నా ఏమిటని విద్యార్థులు తప్పకుండా అడుగుతారు, అడగాలి కూడా. మనం ప్రతి గుంపునూ రెండు ఎలక్ట్రాన్లుగా లెక్కిస్తున్నాం. ద్విబంధానికి మధ్య పరమాణువు తన వంతుగా 2 ఇస్తుంది. గుంపు లెక్క అక్కడికే నిండిపోయింది, ఇక ఆక్సిజన్ వైపు నుంచి కలపవలసింది ఏమీ లేదు. నైట్రోజన్‌తో త్రిబంధమైతే మధ్య పరమాణువు 3 ఇస్తుంది, గుంపుకు కావలసింది 2, అందుకే ఒకటి తగ్గిస్తాం. ఈ కారణం తెలిస్తే సూత్రాన్ని మరిచిపోయినా మళ్లీ తయారు చేసుకోవచ్చు.

కొన్ని చేసి చూద్దాం. కార్బన్ డయాక్సైడ్: కార్బన్‌కు 4, ఆక్సిజన్లకు 0. 4ను 2తో భాగిస్తే 2 గుంపులు. నీరు: ఆక్సిజన్‌కు 6, రెండు హైడ్రోజన్లకు 2, మొత్తం 8, కాబట్టి 4 గుంపులు. మన మొదటి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరికింది: ఒకదానిలో రెండే గుంపులు, రెండోదానిలో నాలుగు. అమ్మోనియం అయాన్: నైట్రోజన్‌కు 5, హైడ్రోజన్లకు 4, ధనావేశానికి ఒకటి తీసేస్తే 8, కాబట్టి 4. సల్ఫేట్ అయాన్: సల్ఫర్‌కు 6, ఆక్సిజన్లకు 0, రెండు రుణావేశాలకు 2, మొత్తం 8, మళ్లీ 4. హైడ్రోజన్ సయనైడ్: కార్బన్‌కు 4, హైడ్రోజన్‌కు 1 కలిపి, నైట్రోజన్‌కు 1 తీస్తే 4, అంటే 2 గుంపులు.

ఆవేశం కలపాలా తీయాలా అన్న దగ్గర తడబడకండి. రుణావేశం అంటే ఎలక్ట్రాన్ అదనంగా వచ్చి చేరింది, కలపాలి. పరీక్షల్లో పోయే మార్కుల్లో చాలా భాగం ఈ ఒక్క గుర్తు దగ్గరే పోతాయి.

రెండో మెట్టు: ఒంటరి జంటలు ఎన్ని?

మొత్తం గుంపుల్లోంచి, మధ్య పరమాణువుకు అతుక్కున్న పరమాణువుల సంఖ్యను తీసేయండి. మిగిలినవే ఒంటరి జంటలు. నీటిలో 4 గుంపులు, 2 హైడ్రోజన్లు, కాబట్టి 2 ఒంటరి జంటలు. అమ్మోనియాలో 4 గుంపులు, 3 హైడ్రోజన్లు, కాబట్టి 1. సల్ఫర్ డయాక్సైడ్‌లో 3 గుంపులు, 2 ఆక్సిజన్లు, కాబట్టి 1. కార్బన్ డయాక్సైడ్‌లో ఏమీ మిగలవు.

మూడో మెట్టు: గుంపులను అమర్చడం

గుంపులు రెండైతే రేఖీయ అమరిక, 180 డిగ్రీలు. మూడైతే సమతల త్రిభుజం, 120 డిగ్రీలు. ఆరైతే అష్టముఖి: పైన ఒకటి, కింద ఒకటి, నడుమ చతురస్రంలా నాలుగు. అన్ని పక్క కోణాలూ 90 డిగ్రీలు. వీటిని ఊహించుకోవడం కష్టం కాదు. నాలుగు గుంపుల దగ్గర, ఐదు గుంపుల దగ్గర మాత్రం కొంచెం నిలవాలి.

నాలుగు గుంపులను కాగితం మీద గీస్తే కూడిక గుర్తులా వస్తుంది, 90 డిగ్రీలు. చాలామంది మనసులో మీథేన్ అలా చదునుగానే ఉండిపోతుంది. మీరు కూర్చున్న గదినే తీసుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు సమానంగా ఉన్నాయనుకోండి. సరిగ్గా గది నడిమధ్యలో, గాలిలో, కార్బన్ ఉంది. పైకప్పుకు ఉన్న నాలుగు మూలల్లో ఎదురెదురుగా ఉన్న రెండింటిని ఎంచుకోండి. నేల మీద మాత్రం ఆ రెండింటి కింద లేని మిగతా రెండు మూలలను తీసుకోండి. నడిమధ్య నుంచి ఈ నాలుగు మూలలకు నాలుగు దారాలు లాగి కట్టండి. ఏ రెండు దారాల మధ్య చూసినా ఒకే కోణం, 109.5 డిగ్రీలు. లెక్క కూడా చిన్నదే. గది మధ్యను మూలబిందువుగా తీసుకుంటే పైకప్పు మూలలు రెండూ (1, 1, 1), (−1, −1, 1) అవుతాయి. వాటి బిందు లబ్ధం −1, ఒక్కో దారం పొడవు వర్గం 3, కాబట్టి కోణం కొసైన్ విలువ −1/3. ఆ కోణమే 109.5 డిగ్రీలు. చదునుగా పరుచుకుంటే ఒక్కో జంటకు దొరికేది 90 డిగ్రీలే. మూడో దిశను వాడుకుంటే దాదాపు 20 డిగ్రీలు ఎక్కువ దొరుకుతాయి. ఈ నాలుగు మూలల రూపాన్నే చతుర్ముఖి అంటారు, మీథేన్ చతుర్ముఖి కావడానికి ఇంతకు మించిన కారణం లేదు.

ఐదు గుంపుల అమరికను త్రిభుజ ద్విపిరమిడ్ అంటారు. నడుము చుట్టూ మూడు గుంపులు 120 డిగ్రీల ఎడంతో ఉంటాయి. వీటివి మధ్యరేఖ స్థానాలు. పైనొకటి కిందొకటి నిలువుగా ఉంటాయి. ఇవి అక్షీయ స్థానాలు. ఇప్పటి దాకా వచ్చిన అమరికల్లో అన్ని స్థానాలూ సమానమే. ఇక్కడ మాత్రం రెండు రకాలయ్యాయి. అక్షీయ స్థానంలో ఉన్న గుంపుకు 90 డిగ్రీల దూరంలో ముగ్గురు పొరుగువారు. మధ్యరేఖ మీద ఉన్న గుంపుకు 90 డిగ్రీల్లో ఇద్దరే. మిగతా ఇద్దరూ 120 డిగ్రీల దూరాన ఉంటారు. అంటే అక్షీయ స్థానం ఇరుకు, మధ్యరేఖ స్థానం విశాలం. ఇది ఊహ మాత్రమే కాదు. ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ వాయువులో అక్షీయ బంధాలు సుమారు 214 పికోమీటర్లు, మధ్యరేఖ బంధాలు సుమారు 202 పికోమీటర్లు. ఇరుకులో ఉన్నవి దూరంగా జరిగాయి.

నాలుగో మెట్టు: ఒంటరి జంటకు ఎక్కడ చోటు?

బంధంలోని జంటను రెండు కేంద్రకాలు చెరో వైపు నుంచి లాగి పట్టుకుంటాయి, అందుకే అది సన్నగా సాగి ఉంటుంది. ఒంటరి జంటను పట్టుకునేది ఒక్క కేంద్రకమే. అది మధ్య పరమాణువు దగ్గరే వెడల్పుగా పరుచుకుంటుంది. కాబట్టి వికర్షణల వరుస ఇలా ఉంటుంది: ఒంటరి జంటకూ ఒంటరి జంటకూ మధ్య అన్నిటికంటే ఎక్కువ, ఒంటరి జంటకూ బంధ జంటకూ మధ్య దానికంటే తక్కువ, బంధ జంటల మధ్య అన్నిటికంటే తక్కువ. బెలూన్ల కట్టలో ఒక దాన్ని మిగతా వాటికంటే పెద్దగా ఊది కట్టి చూడండి, మిగిలినవి ఎలా దగ్గరికి ముడుచుకుంటాయో తెలుస్తుంది.

మూడు, నాలుగు గుంపుల అమరికలో ఒంటరి జంటను ఎక్కడ పెట్టినా ఒకటే. ఆరు గుంపుల్లో మొదటి ఒంటరి జంట ఎక్కడైనా ఉండవచ్చు, రెండోది మాత్రం దానికి సరిగ్గా ఎదురుగా చేరుతుంది. ఐదు గుంపుల్లోనే అసలు పరీక్ష. దాన్ని క్లోరిన్ ట్రైఫ్లోరైడ్ మీద పూర్తిగా చేసి చూద్దాం.

క్లోరిన్‌కు 7, మూడు ఫ్లోరిన్లకు 3, మొత్తం 10, కాబట్టి 5 గుంపులు. మూడు బంధాలు పోగా రెండు ఒంటరి జంటలు. వీటిని ఉంచడానికి మూడు దారులున్నాయి. 90 డిగ్రీల దగ్గర జరిగే తోపుళ్లనే లెక్కపెడదాం, 120 డిగ్రీల దగ్గర తోపుడు బాగా తగ్గిపోతుంది కాబట్టి.

మొదటి దారి, రెండు ఒంటరి జంటలూ అక్షీయ స్థానాల్లో. ఒక్కో ఒంటరి జంటకు ఎదురయ్యే బంధాలు మూడు, మొత్తం ఆరు తోపుళ్లు. రెండో దారి, ఒకటి అక్షం మీద, ఒకటి మధ్యరేఖ మీద. ఇక్కడ రెండు ఒంటరి జంటలే 90 డిగ్రీల్లో ఒకదానికొకటి తగులుకుంటున్నాయి. అన్నిటికంటే బలమైన వికర్షణ ఇదే, కనుక ఈ దారిని వెంటనే కొట్టేయవచ్చు. మూడో దారి, రెండూ మధ్యరేఖ మీద. ఒంటరి జంటల మధ్య 120 డిగ్రీలు. ఒక్కోదానికి 90 డిగ్రీల్లో అక్షీయ బంధాలు రెండు, మొత్తం నాలుగు. బంధాల మధ్య తోపుళ్లు ఇంకో రెండు ఉన్నా అవి బలహీనమైనవి. ఆరు కంటే నాలుగు మేలు. మూడో దారే గెలిచింది.

ఇప్పుడు పరమాణువులను మాత్రమే చూడండి. పైనొక ఫ్లోరిన్, కిందొక ఫ్లోరిన్, పక్కకు ఒకటి. తెలుగులో టి-ఆకారం అని పిలిచే రూపం ఇదే. పక్కనున్న ఒంటరి జంటలు రెండూ పైనా కిందా ఉన్న ఫ్లోరిన్లను మూడో ఫ్లోరిన్ వైపు నెట్టడంతో, 90 డిగ్రీలు ఉండవలసిన కోణం సుమారు 87.5 డిగ్రీలకు తగ్గిందని ప్రయోగాల్లో తేలింది. కాగితం మీద చేసిన ఆరూ నాలుగూ లెక్క, ప్రయోగశాలలో కొలిచిన కోణంతో ఇలా కలిసిన చోట విద్యార్థి ముఖంలో వచ్చే మార్పు చూడటం నాకు ప్రతి ఏడూ ఇష్టమే.

ఇకపై లెక్కపెట్టనక్కరలేదు, నియమంగా గుర్తుంచుకోవచ్చు: ఐదు గుంపుల్లో ఒంటరి జంటలు మధ్యరేఖ స్థానాలనే ఆక్రమిస్తాయి. ఒకటి, రెండు, మూడు దాకా అన్నీ అక్కడే.

ఐదో మెట్టు: ఆకారానికి పేరు పెట్టడం

పేరు పెట్టేటప్పుడు ఒంటరి జంటలను వదిలేయాలి, పరమాణువులు ఉన్న చోట్లనే చూడాలి. ఎలక్ట్రాన్ గుంపుల అమరిక వేరు, అణువు ఆకారం వేరు. నీటిలో గుంపుల అమరిక చతుర్ముఖీయం, అణువు ఆకారం కోణీయం. ఒంటరి జంటలు లేనప్పుడే రెండూ ఒకటవుతాయి.

మూడు గుంపుల్లో ఒకటి ఒంటరిదైతే కోణీయం. నాలుగింటిలో ఒకటి ఒంటరిదైతే త్రిభుజ పిరమిడ్, రెండైతే కోణీయం. ఐదింటిలో ఒకటి ఒంటరిదైతే సీ-సా ఆకారం, పార్కులో పిల్లలు రెండు చివరలా కూర్చుని పైకీ కిందికీ ఊగే బల్ల వంటిది. రెండైతే టి-ఆకారం, మూడైతే రేఖీయం. ఆరింటిలో ఒకటి ఒంటరిదైతే చతురస్ర పిరమిడ్, రెండైతే చతురస్ర సమతలం.

బట్టీ పట్టే పట్టిక ఇదే. పై నాలుగు మెట్లూ ఎక్కి వచ్చిన వారికి ఇది దానంతట అదే వస్తుంది.

ఆరో మెట్టు: కోణాలను సరిచేయడం

ఆకారం పేరు తేలాక కోణం ఆదర్శ విలువ కంటే పెరిగిందా తగ్గిందా చెప్పాలి. మీథేన్‌లో 109.5, అమ్మోనియాలో సుమారు 107, నీటిలో 104.5. మూడింటిలోనూ నాలుగు గుంపులే. ఒంటరి జంటలు మాత్రం సున్నా, ఒకటి, రెండు. ఒంటరి జంట పెరిగే కొద్దీ బంధాలు ఒకదాని దగ్గరికి మరొకటి నెట్టబడుతున్నాయి.

ద్విబంధం కూడా లావుపాటి గుంపే. ఫార్మాల్డిహైడ్‌లో కార్బన్ చుట్టూ మూడు గుంపులు, ఆదర్శంగా 120 ఉండాలి. ఆక్సిజన్ వైపున్న ద్విబంధం నెట్టడం వల్ల రెండు హైడ్రోజన్ల మధ్య కోణం సుమారు 116.5 డిగ్రీలకు తగ్గుతుంది.

అంచున ఉన్న పరమాణువు రుణవిద్యుదాత్మకత ఎక్కువైతే బంధ జంటను తనవైపు లాక్కుంటుంది. మధ్య పరమాణువు దగ్గర ఆ జంట ఆక్రమించే చోటు తగ్గుతుంది, బంధాలు ఇంకా దగ్గరికి ముడుచుకోగలుగుతాయి. అందుకే అమ్మోనియాలో 107 ఉన్న కోణం నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్‌లో సుమారు 102.

ఈ నియమాలన్నింటినీ ఒకే చోట చూపించే ఉదాహరణ నైట్రోజన్ డయాక్సైడ్ కుటుంబం. రాగి ముక్కల మీద గాఢ నత్రికామ్లం పోసినప్పుడు పరీక్షనాళికలోంచి ఎర్రగోధుమ రంగు పొగ వస్తుందే, ఆ వాయువే. నైట్రోజన్‌కు 5, ఆక్సిజన్లకు 0, మొత్తం 5. రెండుతో భాగిస్తే రెండున్నర. అంటే రెండు బంధ గుంపులు, ఒక్క ఎలక్ట్రాన్ మాత్రమే ఉన్న సగం గుంపు. దాన్ని మూడో గుంపుగానే లెక్కించాలి, కానీ దాని తోపుడు బలహీనం. ఈ అణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను తీసేస్తే నైట్రోనియం అయాన్, రెండే గుంపులు, కోణం 180. ఒక ఎలక్ట్రాన్‌ను చేరిస్తే నైట్రైట్ అయాన్, మూడో గుంపు నిండు ఒంటరి జంట, కోణం సుమారు 115. నడుమనున్న నైట్రోజన్ డయాక్సైడ్‌లో సుమారు 134. నైట్రోజన్ అదే, ఆక్సిజన్లు అవే. ఒక్కొక్క ఎలక్ట్రాన్ వచ్చి చేరుతుంటే అణువు మీ కళ్లముందే వంగుతోంది. ఒంటరి జంటకు నిజంగా చోటు కావాలా అని సందేహపడే వారికి ఇంతకంటే మంచి సాక్ష్యం నేను చూపించలేను.

జినాన్‌తో ఒక పూర్తి సాధన

జడవాయువులు ఎవరితోనూ కలవవని దశాబ్దాల పాటు పాఠం చెప్పారు. 1962లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో నీల్ బార్ట్‌లెట్ జినాన్ సమ్మేళనాన్ని తయారు చేసి ఆ పాఠాన్ని మార్చేశారు. అదే ఏడాది అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో జినాన్ టెట్రాఫ్లోరైడ్ తయారైంది. దాని ఆకారం ఏమై ఉంటుంది?

నాలుగు ఫ్లోరిన్లు కనబడగానే మీథేన్‌లా చతుర్ముఖి అని రాయాలనిపిస్తుంది. ఆగి లెక్కపెట్టండి. జినాన్‌కు 8, ఫ్లోరిన్లకు 4, మొత్తం 12, కాబట్టి 6 గుంపులు. నాలుగు బంధాలు పోగా 2 ఒంటరి జంటలు. ఆరు గుంపులంటే అష్టముఖీయ అమరిక. ఒంటరి జంటలు ఎదురెదురుగా, పైనొకటి కిందొకటి. మిగిలిన నాలుగు ఫ్లోరిన్లు నడుమ చతురస్రంలో. ఆకారం చతురస్ర సమతలం. రెండు వైపుల నుంచీ తోపుడు సమానం కాబట్టి కోణాలు 90 డిగ్రీలే, వంపు లేదు. స్ఫటికాల మీద చేసిన ప్రయోగాలు ఇదే చెప్పాయి.

జినాన్ డైఫ్లోరైడ్ ఇంకా ముచ్చటైనది. 8కి 2 కలిపితే 10, అంటే 5 గుంపులు, 3 ఒంటరి జంటలు. మూడూ మధ్యరేఖను ఆక్రమించేస్తాయి. ఫ్లోరిన్లు పైనా కిందా. అణువు తిన్నగా, రేఖీయంగా ఉంటుంది. ఒంటరి జంట ఉంటే అణువు వంగి తీరాలని ఎవరైనా చెబితే ఈ అణువును చూపించండి.

సల్ఫర్ టెట్రాఫ్లోరైడ్‌ను త్వరగా ముగిద్దాం. 6కి 4 కలిపితే 10, 5 గుంపులు, 1 ఒంటరి జంట, అది మధ్యరేఖ మీద, ఆకారం సీ-సా. మధ్యరేఖ మీది రెండు ఫ్లోరిన్ల మధ్య 120 బదులు సుమారు 102 డిగ్రీలు, అక్షీయ ఫ్లోరిన్ల మధ్య 180 బదులు సుమారు 173. కార్బన్, సల్ఫర్, జినాన్ మూడింటికీ నాలుగేసి ఫ్లోరిన్లు తగిలిస్తే మూడు వేర్వేరు ఆకారాలు వచ్చాయి.

పెద్ద అణువులైతే

ఈ పద్ధతి ఒకసారికి ఒక మధ్య పరమాణువునే చూస్తుంది. పెద్ద అణువులో ఒక్కో పరమాణువు దగ్గర ఆగి విడిగా లెక్కించాలి. వినిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లాన్ని తీసుకోండి. మొదటి కార్బన్‌కు మూడు హైడ్రోజన్లు, ఒక కార్బన్, నాలుగు గుంపులు, చతుర్ముఖీయం. రెండో కార్బన్‌కు ద్విబంధంతో ఒక ఆక్సిజన్, ఏకబంధంతో ఇంకో ఆక్సిజన్, ఒక కార్బన్, మూడు గుంపులు, సమతల త్రిభుజం. ఏకబంధంలోని ఆక్సిజన్‌కు రెండు బంధాలు, రెండు ఒంటరి జంటలు, అక్కడ అణువు వంగుతుంది. మూడు చిత్రాలనూ కలిపి కుట్టుకుంటే మొత్తం రూపం వచ్చేస్తుంది.

ఎక్కడ నమ్మకూడదు

ఈ సిద్ధాంతం మీద ప్రేమ ఉన్నవారే దాని హద్దులు బాగా తెలుసుకోవాలి. పరివర్తన మూలకాల సంక్లిష్టాల దగ్గర దీన్ని వాడకండి. నికెల్ అయాన్‌కు నాలుగు క్లోరైడ్లు చేరితే చతుర్ముఖి, నాలుగు సయనైడ్లు చేరితే చతురస్ర సమతలం. డి ఆర్బిటాళ్ల లెక్క లేకుండా ఈ తేడాను చెప్పలేం.

మూడో పీరియడ్, ఆపై మూలకాల హైడ్రైడ్లలో ఆకారం పేరు సరిగ్గానే వస్తుంది, కోణం మాత్రం మన అంచనా కంటే బాగా తక్కువ. ఫాస్ఫీన్‌లో సుమారు 93.5, హైడ్రోజన్ సల్ఫైడ్‌లో సుమారు 92. మధ్య పరమాణువు పెద్దది కావడంతో బంధ జంటలు దూరంగా ఉంటాయి, ఒకదాన్నొకటి అంతగా నెట్టుకోవు. కాబట్టి ఇలాంటి చోట 107కు దగ్గరగా అని రాయకండి, 90కి కాస్త పైన అని రాయండి.

బేరియం ఫ్లోరైడ్ అణువు వాయుస్థితిలో రేఖీయం కావాలని లెక్క చెబుతుంది, కానీ వంగి ఉంటుంది. టెల్లూరియం చుట్టూ ఆరు క్లోరిన్లున్న రెండు రుణావేశాల అయాన్‌లో ఏడు గుంపులు వస్తాయి, అయినా అది క్రమమైన అష్టముఖిగా ఉండి, ఒంటరి జంట జాడే తెలియనివ్వదు. అదే ఏడు గుంపులున్న జినాన్ హెక్సాఫ్లోరైడ్ మాత్రం అష్టముఖి నుంచి పక్కకు ఒరిగి ఉంటుంది. ఇంకో జాగ్రత్త: మనం చెప్పే ఆకారం విడి అణువుది. ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ ఘనస్థితికి వచ్చేసరికి ద్విపిరమిడ్‌గా ఉండదు. నాలుగు క్లోరిన్ల ధన అయాన్‌గా, ఆరు క్లోరిన్ల రుణ అయాన్‌గా విడిపోతుంది. ఆ రెండింటికీ లెక్క వేసి చూడండి, ఒకటి చతుర్ముఖి, మరొకటి అష్టముఖి వస్తాయి. అక్కడ మన పద్ధతి మళ్లీ సరిగ్గా పనిచేస్తుంది.

చేయి తిరగడానికి

బ్రోమిన్ పెంటాఫ్లోరైడ్, క్లోరేట్ అయాన్, ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్, హైడ్రోనియం అయాన్. ముందు మీరు చేసి, తర్వాత కింద చూడండి.

బ్రోమిన్ పెంటాఫ్లోరైడ్‌లో 7కి 5 కలిపితే 12, ఆరు గుంపులు, ఒక ఒంటరి జంట, చతురస్ర పిరమిడ్. కింద ఉన్న ఒంటరి జంట అడుగున ఉన్న నాలుగు ఫ్లోరిన్లనూ పైకి నెడుతుంది, కోణం 90 నుంచి సుమారు 85కు తగ్గుతుంది. క్లోరేట్‌లో 7కి ఆవేశం 1 కలిపితే 8, నాలుగు గుంపులు, మూడు ఆక్సిజన్లు, త్రిభుజ పిరమిడ్. ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్‌లో 5కి 3 కలిపితే 8, నాలుగు గుంపులూ బంధాలే, చతుర్ముఖీయం. ఆక్సిజన్ వైపున్న గుంపు లావు కాబట్టి క్లోరిన్ల మధ్య కోణం 109.5 కంటే తక్కువ. హైడ్రోనియంలో 6కి 3 కలిపి 1 తీస్తే 8, నాలుగు గుంపులు, ఒక ఒంటరి జంట, అమ్మోనియాలాగే పిరమిడ్.

చివరగా ఒక జత. మధ్యలో అయోడిన్, రెండు పక్కలా క్లోరిన్లు. ఒక అయాన్ మీద ధనావేశం, ఇంకో అయాన్ మీద రుణావేశం. ధన అయాన్‌లో 7కి 2 కలిపి 1 తీస్తే 8, నాలుగు గుంపులు, రెండు ఒంటరి జంటలు, నీటిలా కోణీయం. రుణ అయాన్‌లో 7కి 2 కలిపి ఇంకో 1 చేరిస్తే 10, ఐదు గుంపులు, మూడు ఒంటరి జంటలు, జినాన్ డైఫ్లోరైడ్‌లా రేఖీయం. ఎలక్ట్రాన్లు ఎక్కువున్నదే తిన్నగా నిలిచింది. ఎందుకో కాగితం మీద గీసి, ఆ మూడు ఒంటరి జంటలు మధ్యరేఖ చుట్టూ ఎలా సర్దుకున్నాయో పక్కనున్న స్నేహితుడికి వివరించండి.